ఐదో లెవెల్ వార్నింగ్

"యాక్సిడెంట్ కాదు. మీ అన్నయ్యని చంపేశారు," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'డేగ' అని పిలిచే ఆ ఏజెంట్, తెచ్చిన సెలవు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెట్టంత అన్న! ఏడవడానికైనా టైమివ్వని ఈ ఉద్యోగం పగవాడికి కూడా వద్దు.

"డ్యామ్ గేట్ల ప్రోగ్రామ్ ఆయనదే. వచ్చే నీటిని లెక్కపెట్టే కౌంటర్ ఈ మధ్యాహ్నం నిండిపోతుంది. నిండితే అంకె నెగటివ్‌లోకి పడుతుంది. డ్యామ్ ఖాళీ అనుకుని గేట్లు మూసుకుంటాయి. ఈ వరదకి కట్ట ఆగదు."

"అన్నయ్య చెక్ పెట్టలేదా?"

"పెట్టాడు. ఒకటి కలిపాక అంకె పెరగకుండా తగ్గితే ఆపమన్నాడు. ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఉందే, అంకె పొంగడమన్నదే జరగదని దాని నమ్మకం. అందుకే ఆ చెక్‌ని అడక్కుండా పీకేసింది. వార్నింగ్ లెవెల్ ఐదులో ఉంటే ఆ ముక్క చెప్పేది. ఎవరో ఒకటికి దించారు. మీ అన్నయ్య నిన్న పెంచి చూశాడు. సాయంత్రానికి లారీ గుద్దింది."

"ఎవరా ఇంటిదొంగ?"

"తెలీదు. అందుకే ఫోన్ చెయ్యలేం. కంట్రోల్ రూమ్‌లో, డ్యామ్ తెంచాలనుకునే ముఠాతో కలిసినట్టు నటిస్తూ మన డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్ 'ఎండ బాగుంది'."

ఏసీ మెకానిక్ వేషంలో డేగ కంట్రోల్ రూమ్‌లో దిగాడు. బయట కుండపోత. కంప్యూటర్ ముందు నల్లకళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో ఒకామె కూర్చుంది.

"ఎండ బాగుంది, మేడమ్."

"గొడుగు తెచ్చారా?" అంటూ అద్దాలు తీసింది. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లు.

డేగ టూల్‌బ్యాగ్‌తోనే ముందుకొచ్చాడు. "వదినా!"

"లెవెల్ దించింది నేనే, బాబూ. ముఠా నమ్మకం సంపాదించమన్నాడు మీ చీఫ్. రిలీజ్ రోజు వార్నింగులు కనబడకూడదని ఇక్కడ అందరూ దించేదేగా, ఏమవుతుందిలే అనుకున్నా. నేనెవరో మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్పుంటే నన్నే అడిగేవారు. పోయి మేనేజర్‌ని అడిగారు."

"మంచి పని చేశాడు," అంది గుమ్మంలోంచి ఓ గొంతు. మేనేజర్! చేతిలో పిస్టల్.

డేగ టూల్‌బ్యాగ్ విసిరాడు. తూటా పైకప్పులోకి పోయింది, మేనేజర్ నేల మీదికి పోయాడు.

"ప్రోగ్రామ్ మార్చాలంటే సిస్టమ్ కీ కావాలి, అది వాడి లాకర్‌లో ఉంటుంది, నాకివ్వరు!" అంది వదిన.

డేగ స్క్రూడ్రైవర్ పిడి తిప్పి, చీఫ్ పంపిన డూప్లికేట్ కీ తీసిచ్చాడు. వదిన వేళ్లు కీబోర్డ్ మీద పరిగెత్తాయి.

"కలిపాక కాదు, కలపకముందే చూడాలి," అని తనలో తను గొణుక్కుంది. లెవెల్ ఐదుకి పెంచి కంపైల్ కొట్టింది. ఒక్క వార్నింగూ రాలేదు. కౌంటర్ ఆఖరి అంకె దగ్గర బుద్ధిగా ఆగిపోయింది. గేట్లు తెరుచుకునే ఉన్నాయి.

అప్పుడు ఏడ్చింది వదిన, కీబోర్డ్ మీద తలపెట్టుకుని. డేగ పక్కనే నిలబడ్డాడు. ఏమని ఓదారుస్తాడు, పోయింది తన అన్నే అయితే!

రేడియోలో చీఫ్ గొంతు: "రిపోర్ట్?"

"ఊళ్లన్నీ క్షేమం, సార్. మా ఇల్లొక్కటే మునిగింది."