నలభై రెండు, ఒక కోన్

"మీకు కళ్లు కనబడతాయా?" వ్యాన్ కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడతను.

"కనబడతాయి. ఊళ్లోవాళ్లకి కూడా కనబడేలా చెయ్యడమే నా ఉద్యోగం. కళ్లద్దాల షాపు." ఆ అమ్మాయి పడిపోయిన కోన్‌ని లేపి నిలబెట్టింది. "మీరు కొట్టారు. రెండు సెకన్లు కలుపుతారు."

"కాస్త తగిలిందంతే!"

"తగిలితే ఊరుకుందుము. సాష్టాంగపడింది పాపం."

అదీ వాళ్ల తొలి పరిచయం. ఇద్దరూ ఒకరికొకరు నచ్చలేదు.

మూతబడ్డ గోడౌన్ల ముందు పెద్ద కాంక్రీటు మైదానం. ఆదివారాలు అక్కడ పోటీ. వచ్చేవన్నీ వారమంతా సామాన్లు మోసే చిన్న ట్రక్కులు, ఆఫీసులకు వెళ్లే కార్లు. నారింజరంగు కోన్లు పేర్చిన మెలికల దారిలో ఒక్కో బండీ ఒంటరిగా, గడియారంతో పోటీపడాలి. ప్రతి కోన్ చుట్టూ సుద్దగీత ఉంటుంది. గీత దాటినా, పడినా రెండు సెకన్ల శిక్ష. నడిపినవాళ్లే వంతులవారీగా మలుపుల్లో నిలబడి, పడిన కోన్లు ఎత్తి, వాకీటాకీలో బండి నంబరు చెప్పాలి. అది మైదానమంతా మైకులో వినబడుతుంది. తప్పు చేయని బండి గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. బోర్డు మీద టైము పడుతుంది, అంతే.

అతని వ్యాన్ నంబరు నలభై రెండు. వారమంతా దాంట్లోనే షాపులకి బ్రెడ్డు వేస్తాడు. తెల్లవారకముందే మూసి ఉన్న షాపుల ముందు ట్రేలు పెట్టి, నిన్నటి ఖాళీలు తీసుకుని వచ్చేస్తాడు. షాపులు తెరిచేవేళకి అతను తన గదిలో నిద్రపోతుంటాడు. ఊరంతా అతని బ్రెడ్డు తింటుంది, అతని మొహం మాత్రం ఎవరికీ తెలియదు. ఒక్కోసారి సోమవారం నుంచి శనివారం దాకా నోరు విప్పే పనే పడదు. గొంతు ఉందో పోయిందో చూసుకుందామని స్టీరింగ్‌తో మాట్లాడతాడు.

అలాంటివాడికి ఆ రోజు మైకులో ఆ అమ్మాయి గొంతు వినబడింది.

"నలభై రెండు, ఒక కోన్."

తిట్టినట్టే చెప్పింది. అయినా వారమంతా అది అతని చెవుల్లోనే ఉండిపోయింది. ఎన్నాళ్లకో తననొకరు పిలిచినట్టుంది.

పై ఆదివారం ఆఖరి మలుపులో ఆమే ఉంది. అన్ని కోన్లూ నేర్పుగా తప్పించుకొచ్చినవాడు, సరిగ్గా ఆ మలుపులో పనికట్టుకుని ఒకదాన్ని పడగొట్టాడు. పడిందో లేదోనని అద్దంలో వెనక్కి చూశాడు కూడా.

"నలభై రెండు, ఒక కోన్."

హాయిగా అనిపించింది. ఆ తర్వాతి వారమూ అదే వరస.

"ఆ కోన్‌తో మీకేమన్నా పాత పగా?" ఒకరోజు ఆమె నిలదీసింది. "లేక నన్ను ఆటపట్టిస్తున్నారా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "చెయ్యి తిరగలేదండీ," అన్నాడు.

"కళ్లు టెస్ట్ చేయించుకోండి. షాపుకి రండి."

"మీ షాపు తెరిచేసరికి నేను నిద్రపోతుంటానండీ."

ఆమె మొహం తిప్పేసుకుంది.

సీజన్ ముగియడానికి వారం ముందు హఠాత్తుగా వాన పడింది. అందరూ షెడ్డులోకి పరుగెత్తారు. ఆమె ఒక్కతే నెమ్మదిగా, ఎడమకాలు ఈడుస్తూ, తడుస్తూ వచ్చింది.

"ఆ అమ్మాయి కాలికేమైంది బాబాయ్?" పక్కనే టైములు రాసే పెద్దాయన్ని అడిగాడు. అందరికీ బాబాయే ఆయన.

"పోయినేడు ఇక్కడ అందరికన్నా ఫాస్ట్ ఆ పిల్లేరా. మెట్ల మీద జారి చీలమండ విరిగింది. ఇంకా క్లచ్ తొక్కలేదు. ఇంట్లో ఒక్కతే కూచోలేనంటే, పోనీ పాపం అని ఆ మలుపు ఇచ్చాను. అక్కడ కోన్లు పడవు, నడిచే పనుండదని." బాబాయి అతనికేసి గుర్రుగా చూశాడు. "నువ్వొచ్చేదాకా పడేవి కావు."

అతనికి తల కొట్టేసినట్టయింది. తన సరదాకి ప్రతివారం ఆ కాలిని ఎంత నొప్పిపెట్టాడో!

ఆఖరి ఆదివారం ఒక్క కోన్ కూడా తాకకుండా నడిపాడు. బోర్డు మీద అతని టైము అన్నిటికన్నా పైన పడింది. మైకు మాత్రం పలకలేదు. ఎవరో భుజం తట్టి వెళ్లారు. ఇక వచ్చే సీజన్ దాకా మూసిన షాపులూ, ఖాళీ ట్రేలూ. గెలిచి ఇంత దిగులుపడ్డవాడు ఆ మైదానంలో ఇంకొకడు ఉండడు.

"ఈరోజు కొట్టలేదేం?" కుంటుకుంటూ వచ్చి వ్యాన్ పక్కన నిలబడింది ఆమె.

"మీ కాలి సంగతి తెలిసింది. మీరలా నిలబడకూడదండీ. నేను బాబాయ్‌తో చెప్పి..."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నా మీద జాలా?"

"జాలి కాదండీ!" ఈసారి మాట ఆగలేదు. "వారమంతా నన్ను పిలిచే మనిషి ఒక్కరూ లేరు. మీ నోట నా నంబరు వినాలనే కొట్టేవాణ్ణి. మీకు నొప్పని తెలిస్తే కొట్టేవాణ్ణి కాదు. మీరంటే ఇష్టం. అదీ సంగతి."

ఆమె చేతిలోని వాకీటాకీని అటూ ఇటూ తిప్పింది.

"షాపులో రోజంతా మనుషుల్ని నా ఎదురుగానే కూచోబెడతాను," అంది. "అందరూ నా వెనక చార్టులో ఉన్న అక్షరాలే చూస్తారు. నా వంక చూడరు. ఇక్కడ మీరొక్కరే... కోన్ కొట్టేసి, అద్దంలో వెనక్కి చూసేవారు."

"కోన్ పడిందో లేదో అని."

"అబద్ధం. కోన్ పడ్డాక కూడా చూసేవారు. నా కళ్లు మంచివే."

అతనికి నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది.

"పోటీ అయ్యాక సరదా రౌండ్ ఒకటి ఉందిగా. పక్క సీటు ఖాళీయేనా?"

సీటు మీది బ్రెడ్డు ట్రే వెనక్కి వెళ్లింది. ఆ సీట్లో మనిషి కూచోవడం అదే మొదటిసారి. "ఆ మలుపులో ఇప్పుడెవరు నిలబడతారు? నేనా?" అని గొణుక్కుంటూ బాబాయే నడిచాడు.

"బ్రేక్ ఇప్పుడే వద్దు... ఇప్పుడు! తిప్పు, తిప్పు!" ఆమె అరుస్తూనే ఉంది. 'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడైందో ఇద్దరూ గమనించలేదు. ఆఖరి మలుపులో కోన్ కదలకుండా నిలబడింది.

బండి ఆగింది. మైకు మామూలుగానే మౌనంగా ఉంది. ఆమె ఒళ్లో ఉన్న వాకీటాకీ తీసి బటన్ నొక్కింది.

"నలభై రెండు. కోన్లు లేవు. బండిలో ఇద్దరున్నారు."

మైదానమంతా వినబడింది.

"ఇంకోసారి చెప్పవా?" అన్నాడతను.

చెప్పింది.