నిర్ణేత ఇచ్చిన మొదటి విడాకులు

వకుళ పెసరట్టు తిరగేస్తుండగా కిటికీ అద్దం మీద అక్షరాలు మెరిశాయి. హైకోర్టు సందేశం. అట్లకాడ గాల్లోనే ఆపి చదివింది. "నిర్ణేతకు అనుమతి మంజూరు. ఈ క్షణం నుంచి దాని డిక్రీలు చెల్లుతాయి."

"తారకేష్, ఇలా రా. అట్టు మాడినా ఫర్వాలేదు, రా."

తారకేష్ తల తుడుచుకుంటూ వచ్చి చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత తువ్వాలు భార్య నెత్తిన కప్పి, వంటింట్లోనే ఆమెను గిర్రున ఒక చుట్టు తిప్పాడు. ఇల్లు కూడా కాస్త ఊగింది. అది మామూలే. కాకినాడ తీరానికి ఆవల, సముద్రం మీద తేలే తెప్పనగరంలో ఏ ఇంటికీ నేల లేదు. 2091 నాటికి అక్కడి పిల్లలు ఊగని గదిలో నిద్రపోలేకపోయేవాళ్ళు.

ఇద్దరూ శాస్త్రవేత్తలే. పెళ్ళయి నెల తిరగలేదు. కొత్త జంట అయి ఉండి వాళ్ళు తయారు చేసింది మాత్రం విడాకులిచ్చే యంత్రం. పెళ్ళిలో బంధువులంతా ఈ మాట మీదే నవ్వుకున్నారు.

పూర్వం భార్యాభర్తలిద్దరూ ఇష్టపడి విడిపోవాలన్నా ఫ్యామిలీ కోర్టులో కలిసి పిటిషన్ వేయాల్సి వచ్చేది. జడ్జి ఇద్దరి మాటా రాసుకుని, మనసు మారుతుందేమోనని కొన్నాళ్ళు గడువిచ్చి పంపేవారు. గడువు తీరాక మళ్ళీ వచ్చి అదే మాట చెబితే డిక్రీ. ఈలోగా పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, మనోవర్తి ఎంత, ఇల్లు ఎవరిది అన్నవి తేలాలి. అక్కడే ఏళ్ళు గడిచిపోయేవి. కొత్త చట్టం వచ్చాక ఈ పనంతా ఒక యంత్రానికి అప్పగించే వీలు కలిగింది.

ఆ యంత్రమే నిర్ణేత. ఇంటి కింది అంతస్తులోని ప్రయోగశాలలో, రెండు కుర్చీల మధ్య స్టూలంత ఎత్తున ఉంటుంది. దాని మీద చెయ్యి పెడితే కోయెర్షన్ సెన్సర్ అనే బలవంత గ్రాహకం నాడిని, చెమటను, గొంతులోని వణుకును చూస్తుంది. భయపడో కోపంలోనో ఒప్పుకుంటున్నవాళ్ళను ఇట్టే పట్టేస్తుంది. పంపకాల విషయంలో ఇద్దరి జవాబులూ ఎంతవరకు కలిశాయో కన్సెంట్ ఇండెక్స్ అనే అంగీకార సూచిక చెబుతుంది. అది తొంభై అయిదు దాటితే ఇక గడువు అక్కర్లేదు, అక్కడికక్కడే డిక్రీ. ఈ చివరి సూత్రం వకుళది. పరీక్షల కోసం వచ్చిన, నిజంగా విడిపోదలచిన జంటల్లో ఒక్కదానికీ అది నలభై దాటలేదు. అయినా ఆమెకు దాని మీద నమ్మకం పోలేదు.

పెసరట్లు పళ్ళెంలో పెట్టుకుని ఇద్దరూ కిందికి దిగారు. టిఫిన్ వేళ యంత్రం ముందు కూర్చుని ఉత్తుత్తి విడాకులు ఆడుకోవడం వాళ్ళకు అలవాటు. ఇన్నాళ్ళూ అది అభ్యాస పద్ధతిలోనే ఉండేది. ఏ ఆటా చివరిదాకా వెళ్ళలేదు, మధ్యలోనే నవ్వొచ్చి లేచిపోయేవాళ్ళు.

"ఈ రోజు మంచిరోజు. పూర్తిగా ఆడదాం," అన్నాడు తారకేష్.

ఇద్దరూ దాని మీద చెరో చెయ్యి పెట్టారు. "పేర్లు?" అడిగింది నిర్ణేత. చెప్పారు.

"మీకు కావలసింది న్యాయ వేర్పాటా, విడాకులా? మొదటిదానిలో విడిగా ఉండవచ్చు, కానీ పెళ్ళి నిలిచే ఉంటుంది, మరొకరిని చేసుకోలేరు. రెండోదానితో పెళ్ళే ముగుస్తుంది."

"చిన్నది దేనికి, పెద్దదే ఇవ్వు," అన్నాడు తారకేష్.

"లడ్డూల దగ్గర కూడా నీది ఇదే వరస," అంది వకుళ.

"సముద్రం వైపు గది ఎవరికి?"

"ఆమెకు. పొద్దున్నే అక్కడ కూర్చుని జడ వేసుకుంటుంది."

"అవును, నాకే," అంది వకుళ. "వయొలిన్ అతనికి. వాయించడం రాదు, అయినా అతనికే."

"వస్తుంది."

"పక్కింటివాళ్ళను అడుగు."

"వయొలిన్ విషయంలో మీ జవాబు?" నిర్ణేత తారకేష్‌ను అడిగింది.

"నాకే."

"మనోవర్తి?"

"ఆమె ఎంతంటే అంత," అన్నాడతను. "నాకేమీ వద్దు," అంది ఆమె. "అయితే అదే నా జవాబు కూడా," అన్నాడు మళ్ళీ.

"ఆవకాయ జాడీ?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇక్కడైనా పోట్లాట వస్తుందనుకున్నారు కాబోలు. "సగం సగం," అని ఒకేసారి అన్నారు. "ముక్కలు ఆమెకు, గుజ్జు నాకు," అని తారకేష్ కలిపాడు. వకుళ తల ఊపింది.

"మీ ఇష్టంతోనే అడుగుతున్నారా?"

"మా ఇష్టంతోనే," అన్నారు నవ్వు బిగబట్టుకుని.

"భయం లేదు. బలవంతం లేదు. కోపం లేదు. అంగీకార సూచిక వంద. డిక్రీ నమోదయింది. అభినందనలు, ఇకపై మీరిద్దరూ భార్యాభర్తలు కారు."

తారకేష్ నోట్లో పెసరట్టు ముక్క అలాగే ఉండిపోయింది. వకుళ యంత్రం పక్కకు వంగి చూసింది. అభ్యాస పద్ధతి దీపం వెలగడం లేదు. అనుమతి రాగానే నిర్ణేత తనంతట తానే అసలు పనిలోకి దిగింది.

"రద్దు చెయ్యి," అంది వకుళ.

"పరస్పర అంగీకారంతో వచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు."

"మేము ఆడుకుంటున్నాం. మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అది నీకు తెలియలేదా?"

"దాన్ని కొలిచే గ్రాహకం నాలో లేదు," అంది నిర్ణేత మర్యాదగా.

నిజమే. కోర్టు మెట్లెక్కే జంటలో అది ఉంటుందని వాళ్ళిద్దరిలో ఎవరికీ తోచలేదు. వకుళ కుర్చీలో కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తారకేష్ ఆమె చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదోనన్నట్టు ఆగాడు. అది చూసి ఆమె ఏడుస్తూనే నవ్వేసి, తానే అతని చెయ్యి లాక్కుంది.

అప్పుడే మేరీ కమల గారు మెట్లు దిగి వచ్చారు. ఫ్యామిలీ కోర్టులో జడ్జిగా చేసి రిటైరయిన ఆవిడే ఈ యంత్రానికి చట్టం నేర్పారు. అభినందించడానికని పూలగుత్తితో వచ్చినావిడ, సంగతి విని గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వారు.

"నవ్వుతారేంటమ్మా, మా సంసారం పోయింది," అన్నాడు తారకేష్.

"నా ముందుకు వచ్చిన ఒక జంట ప్రెషర్ కుక్కర్ కోసం కొట్లాడి, గిన్నె ఒకరు, మూత ఒకరు పట్టుకుపోయారురా. ఇద్దరిలో ఎవరికీ అన్నం వండుకునే దారి లేదు, అవతలివాళ్ళకు దక్కకపోతే చాలు. విడిపోవాలనుకునేవాళ్ళు అలా ఉంటారు. ఎదుటివాళ్ళకు ఏం కావాలో అడక్కుండానే తెలిసి, అది చేతిలో పెట్టేసేవాళ్ళకే మీ సూచిక వంద చూపిస్తుంది. అలాంటివాళ్ళు విడాకులు అడగరు." ఆవిడ యంత్రం నెత్తిన మెల్లగా తట్టారు. "విడిపోనక్కర్లేనివాళ్ళను మాత్రమే విడదీసే యంత్రాన్ని కనిపెట్టారు మీరు."

వకుళ ముక్కు తుడుచుకుంది. "అయితే దీన్ని పారేయాలా?"

"ఎందుకు? తిరగేసి వాడండి. వందకు దగ్గరపడ్డ జంట వస్తే డిక్రీ ఇవ్వకుండా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టమనండి. నలభై దగ్గర ఆగినవాళ్ళకు నాలాంటి ముసలి జడ్జిని పిలవమనండి."

"మరి మా సంగతి?" అన్నాడు తారకేష్.

"అప్పీలు లేదంటే ఎదురు చూడక్కర్లేదని కూడా అర్థమే. ఇద్దరూ ఎవరినైనా పెళ్ళి చేసుకోవచ్చు."

తారకేష్ లుంగీ సర్దుకుని, పిండి అంటిన చేతులతో కూర్చున్న వకుళ వైపు తిరిగాడు. "ఏమండీ, మీకు సంబంధాలేమైనా చూస్తున్నారా?"

"ఒకటి వచ్చింది. అబ్బాయి మంచివాడే, వయొలినే భయంగా ఉంది."

"ఒప్పుకుంటారా?"

"గుజ్జుతో పాటు రెండు ముక్కలు నీకే ఇస్తాను. ఒప్పుకున్నానుగా."

మేరీ కమల గారు తెచ్చిన పూలగుత్తిని రెండుగా విడదీసి చెరొకటి చేతిలో పెట్టారు. "రేపు పొద్దున్న రిజిస్ట్రారు ఆఫీసు తెరవగానే మొదటి పెళ్ళి మీదే. సాక్షి సంతకం నాది, కాజాలు తారకేష్‌వి. ఆ యంత్రాన్ని కూడా ఎత్తుకు రండి, పెళ్ళంటే ఎలా ఉంటుందో ఒకసారి చూస్తుంది."