గుమ్మం పక్కన నీళ్ళ సీసా

గోడ మీద వెలిసిపోని చదరం ఒకటి మిగిలింది. అరవై ఏళ్ళుగా అక్కడ వేలాడిన మెరెయానా చిత్రం నిన్న మధ్యాహ్నం మాయమైంది. ఆమె ఇంటి పెద్ద హామికి తల్లి.

"ఏడాదిగా రోజూ మా కొట్లో మాంసం పై రొట్టె కొంటారు. 'ఒకటి' తప్ప మరో మాట రాదు. ఇవాళ ఇన్ని ప్రశ్నలా, డిటెక్టివ్ గారూ?" అంది హామి మనవరాలు కహురంగి.

"ఆ ఒక్క మాటకే గొంతు ఎండిపోయేది," అన్నాడు రావిరి, తలెత్తకుండా.

ఆమె నవ్వబోయి ఆగింది. లోపల హామి అరుస్తున్నాడు. "దొంగెవరైనా సరే, జైలుకి పోవాల్సిందే!"

గుమ్మం పక్కన, పూలకుండీ వెనక, సగం ఖాళీ అయిన నీళ్ళ సీసా రావిరికి దొరికింది.

"శవం దగ్గర నుంచి వచ్చినవాళ్ళే నీళ్ళు చల్లుకుని గడప దాటుతారు. దొంగతనానికి వచ్చి కూడా ఆచారం తప్పలేదు. దగ్గర్లో చావు ఎవరింట్లో?"

కహురంగి ముఖం పాలిపోయింది.

"నది అవతల. తాతయ్య తమ్ముడు తూరోవా. సీసా దాచింది నేనే. తండ్రి తలాపున ఆయన తల్లి బొమ్మ పెట్టుకుంటానని మారామా అత్త మొన్న ఫోన్లో బతిమాలింది. తాతయ్య ఫోన్ పెట్టేశాడు. తమ్ముడితో ముప్పై ఏళ్ళ పంతం! ఇప్పుడు అత్తని పట్టుకుపోతారా?"

వస్తువు ఎవరిదని చట్టం అడుగుతుంది. తల్లి ఎవరిదని అడగదు.

"ఫిర్యాదు చేసినవాళ్ళే వస్తువును గుర్తుపట్టాలి," అన్నాడు రావిరి. "మీ తాతగారు రావాలి."

నది అవతలి సభాగృహంలో మూత తీసిన శవపేటిక. దాని తలాపున మెరెయానా. పక్కన, కళ్ళు వాచిన మారామా.

"గుర్తుపట్టారా?" రావిరి అడిగాడు.

హామి చూపు తల్లి ముఖం నుంచి తమ్ముడి ముఖం మీదికి జారింది. శవపేటిక పక్కన కూర్చున్నాడు.

"మా అమ్మే," అన్నాడు. "వాణ్ణి సాగనంపేదాకా ఇక్కడే ఉండనీ. కేసూ లేదు, గీసూ లేదు. మారామా, ఇలా రా తల్లీ."

సభకు వచ్చిన అతిథి మాట్లాడాలి, అది ఆచారం. రావిరి లేచాడు.

"దొంగను వెతుక్కుంటూ వచ్చాను. కొడుకు దగ్గరికి వచ్చిన తల్లి కనిపించింది."

మాట ముగిసింది. ముగించినవాడి వెనక అతనివాళ్ళు లేచి పాడాలి; లేకపోతే ఆ మాట ఒంటరిదవుతుంది. ఉత్తరాన ఉన్న ఊరి నుంచి వచ్చిన రావిరికి అక్కడ ఎవరూ లేరు. ఎవరూ లేవలేదు. ఈ ఊళ్ళో తనెంత పరాయివాడో అతనికి అప్పుడు పూర్తిగా తెలిసింది.

బెంచీ కిర్రుమంది. కహురంగి వచ్చి అతని భుజం వెనక నిలబడింది. సభంతా తిరిగి చూసింది.

"ఇదెప్పట్నుంచే?" హామి గొణిగాడు.

"రోజుకొక పై రొట్టె చొప్పున, తాతయ్యా."

హామి తల్లి చిత్రం వైపు చూశాడు, అనుమతి అడుగుతున్నట్టు. తర్వాత నెమ్మదిగా తలూపాడు.

ఆమె పాట అందుకుంది. రెండో చరణంలో రావిరి గొంతు కలిపాడు. ఈసారి అది ఎండిపోలేదు.