మిరప కల్లంలో నున్నటి చేతులు

"చూడటం అయిపోయిందా, ఇంకా ఉందా?" అంది తేజశ్రీ.

రామాంజనేయులు ఉలిక్కిపడి తలెత్తాడు. పెళ్ళిచూపులకు వచ్చిన మనిషి అమ్మాయి కళ్ళు చూడాలి, నవ్వు చూడాలి, మరీ ధైర్యముంటే జడ చూడాలి. ఇతనేమో ఆమె చేతులు చూస్తూ ఉండిపోయాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఆ చేతుల మీద నల్లటి నూగు నిండుగా ఉంది. పై పెదవి మీద కూడా సన్నగా ఒక గీతలా ఉంది. జాకెట్టు చేతులు మోచేతికి పైనే ఆగిపోయాయి. దాచుకోవాలన్న ఆలోచన ఆమెకు లేశమైనా ఉన్నట్టు లేదు.

"అది కాదండీ..."

"అదే లెండి. అందరూ చూసేది అదే. కాకపోతే మిగతావాళ్ళు దొంగచూపులు చూస్తారు. మీరు క్వశ్చన్ పేపర్ చదివినట్టు చదువుతున్నారు."

రామాంజనేయులు గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ లెక్చరర్. క్వశ్చన్ పేపర్లు చూడగానే చెమట పట్టడం పిల్లల వంతు అనుకునేవాడు ఇన్నాళ్ళూ. ఇవాళ తన వంతు వచ్చింది.

వాళ్ళిద్దరూ కూర్చున్నది ఇంటి వెనక వరండాలో. ఎదురుగా కల్లం. కల్లం నిండా ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు. నిజానికి పెళ్ళిచూపులు గుంటూరులో ఏదైనా హోటల్లో పెట్టుకుందామనుకున్నారు. "కాయ కల్లంలో ఉంది, మబ్బు తిరుగుతోంది. నేను ఊరు కదిలానంటే ఏడాది కష్టం నీళ్ళపాలు. మీరే రండి" అని తేజశ్రీ నాన్న అంకమ్మరావు ఫోన్లో తేల్చి చెప్పేశాడు. తెనాలి పక్కన వరి పొలాల మధ్య పుట్టి పెరిగిన రామాంజనేయులు, అమ్మానాన్నలతో కలిసి సత్తెనపల్లి దాటి ఈ ఊరొచ్చాడు. ఇంత మిరప ఒక్కచోట చూడటం అతనికి ఇదే మొదలు. కారు దిగగానే ముగ్గురూ వరసగా తుమ్మారు.

"ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది" అంది తేజశ్రీ. "మొన్నొచ్చిన సంబంధం వాళ్ళకి అన్నీ నచ్చాయంట. నా బ్యాంకు ఉద్యోగం నచ్చింది, నేనూ నచ్చాను. చేతులకి వ్యాక్సింగు, మూతికి లేజరు చేయించుకుంటే ముహూర్తం పెట్టుకుందామన్నారు. నేను వద్దన్నా."

"వ్యాక్సింగు వద్దన్నారా?"

"సంబంధం వద్దన్నా."

"వ్యాక్సింగ్ అంటే మీకు కోపమా అండీ?"

"కోపమెందుకండీ? మా బ్రాంచిలో అమ్మాయిలందరూ చేయించుకుంటారు, బాగుంటారు కూడా. కనుబొమలు నేనూ చేయించుకుంటా. అది నాకిష్టం. చేతులు చేయించుకోను. అదీ నాకిష్టమే. ఒకళ్ళు చెప్పారని తీయించుకోను, ఒకళ్ళు చెప్పారని పెంచుకోను. మీకు ఇబ్బందనిపిస్తే ఇప్పుడే చెప్పెయ్యండి. మా అమ్మ గారెలు వేసింది, కనీసం అవన్నా హాయిగా తినొచ్చు."

అంత మాట అంత తేలిగ్గా అనేసి, ఆమె జడ ముందుకేసుకుని కల్లం వైపు చూసింది. గాలికి ఆమె చేతి మీది నూగు కదిలింది. రామాంజనేయులు అబ్బురంగా చూశాడు. మనిషి ఇలా కూడా బతకొచ్చా? తనను తాను ఇంత మామూలుగా మోసుకుని తిరగొచ్చా? ఈ రహస్యం తనకు ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదు?

"మీ చేతులు బాగున్నాయండి" అన్నాడు. అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

ఇప్పటిదాకా గడగడా మాట్లాడిన అమ్మాయి తడబడింది. చెంపలు ఎర్రబడ్డాయి. ఇష్టం లేదని చెప్పేవాళ్ళకు జవాబులు ఆమె దగ్గర బోలెడు. బాగున్నాయన్న మనిషికి ఏం చెప్పాలో ఆమెకూ తెలియలేదు.

"నిజంగానా?" అంది మెల్లగా.

"నిజంగా."

మాట మార్చడానికి ఆమె అతని చేతుల వైపు చూసింది. "మీవే నాకంటే నున్నగా ఉన్నాయే!"

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. రామాంజనేయులు చేతులు నిన్న మధ్యాహ్నం దాకా నున్నగా లేవు. అమ్మాయి మొదటిసారి చూస్తోంది కదా అని, సాయంత్రం బ్రాడీపేట సెలూన్‌లో మోచేతులు మొదలుకుని వేళ్ళ దాకా వ్యాక్సింగ్ చేయించుకున్నాడు. పళ్ళ బిగువున అరుపు ఆపుకున్నాడు. ఆ నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే సుఖాంతం.

"మా వంశంలోనే అంతండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అతని నాన్న వెంకయ్య గారు చొక్కా చేతులు మడుచుకుంటూ, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వచ్చారు. ఆయన చేతులకు గాని, చెవులకు గాని వెంట్రుకల విషయంలో దేవుడు లోటు చెయ్యలేదు. తేజశ్రీ ఆయన్ని చూసింది, తర్వాత రామాంజనేయుల్ని చూసింది.

"మీ అమ్మగారి వంశం కాబోలు" అంది.

జవాబు చెప్పే అవసరం రాలేదు. నెత్తిన ఉరిమింది.

"అమ్మాయ్! పట్టాలు! చినుకులు!" అని అంకమ్మరావు కేక వేశాడు. తేజశ్రీ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి ఒక్క ఉదుటున కల్లంలోకి దూకింది. కూలీలు పరుగున వచ్చారు. వెంకయ్య గారు కూడా పంచె ఎగ్గట్టారు. ఎండిన కాయ తడిస్తే బూజు పడుతుంది, రంగు పోతుంది, మిర్చి యార్డులో కొనేవాడెవడూ దాని మొహం చూడడు. మనుషులందరూ కురుస్తున్న చినుకుల కంటే ముందు కాయను కుప్ప చేసి, మీద పట్టా కప్పాలని పోటీ పడుతున్నారు. వరండాలో అబద్ధం పక్కన ఒంటరిగా కూర్చోవడం కంటే ఇదే నయమనిపించి రామాంజనేయులు కూడా దూకాడు. చొక్కా చేతులు పైకి లాక్కుని, మిరపకాయల్ని చేతులారా కౌగిలించి కుప్ప మీదకు తోశాడు. ఒకసారి కాదు, వాన పట్టుకునే దాకా.

కుప్పలన్నీ కప్పారు. వాన దంచి కొట్టింది. అందరూ నవ్వుతూ వరండా కిందకు చేరారు. రామాంజనేయులు నవ్వలేదు.

"అమ్మో" అన్నాడు ముందు. తర్వాత "అమ్మా!" అన్నాడు. ఆ తర్వాత అన్నవి మాటలు కావు. మిరప మంట నీళ్ళకు లొంగదని ఏటేటా పిల్లలకు పాఠం చెప్పే లెక్చరర్, నేరుగా కుళాయి కింద చేతులు పెట్టాడు. మంట మోచేతుల దాకా పాకింది.

తేజశ్రీ వంటింట్లోంచి పెరుగు గిన్నె ఎత్తుకొచ్చింది. అతన్ని వరండా చివర మంచం మీద కూలేసి, భోజనాలకని తోడేసిన గడ్డపెరుగు మొత్తం అతని చేతులకు పట్టించింది. పట్టిస్తూ పట్టిస్తూ ఆగింది. పెరుగు కింద చర్మం మీద వెంట్రుక కుదుళ్ళ దగ్గర ఎర్రటి చుక్కలు లేచి ఉన్నాయి.

"వ్యాక్సింగ్ ఎప్పుడు చేయించారు?"

"నిన్న సాయంత్రం."

"మిరప కల్లానికి వస్తూనా?"

"కల్లం పక్కన కూర్చుంటాననుకున్నా గానీ, కల్లంలో దిగుతాననుకోలేదండీ."

ఆమె నవ్వింది. వాన చప్పుడు వినపడనంతగా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకోబోయి, చేతికి మిరప అంటుకుందని గుర్తొచ్చి ఆగిపోయింది. నవ్వు కూడా అక్కడే ఆగింది.

"ఒక్క మాట అడుగుతానండీ. నా చేతులు బాగున్నాయన్నారు. మీ చేతుల మీద అవే ఉంటే పీకించుకొచ్చారు. పైగా వంశమన్నారు. మరి నాతో అన్న మాట కూడా అలాంటిదేనా?"

చేతుల మంట ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.

"కాదండీ" అన్నాడు రామాంజనేయులు. "నాకు తొమ్మిదో క్లాసులోనే ఒంటినిండా వచ్చేసింది. పేరు కూడా కలిసొచ్చింది కదా, 'ఒరేయ్ ఆంజనేయా, తోకేదిరా' అనేవాళ్ళు. ఫ్రెండ్స్‌తో సూర్యలంక బీచ్‌కి వెళ్తే అందరూ సముద్రంలో ఉండేవాళ్ళు, నేను ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని ఒడ్డున చెప్పులకి కాపలా కాసేవాణ్ణి. దేనికి నేను సిగ్గుతో చచ్చిపోతున్నానో, దాన్ని మీరు ఎండలో పెట్టుకుని కూర్చున్నారు. చూస్తూ ఉండిపోయానండీ. నాకు చేతకానిది ఒక మనిషికి ఇంత తేలిగ్గా చేతనైందే అని. ఆ చేతులు బాగుండక ఏమవుతాయి?"

తేజశ్రీ మళ్ళీ పెరుగు రాయడం మొదలుపెట్టింది.

"వ్యాక్సింగ్ చేయించుకున్నందుకు నాకేం లేదండీ. మీ ఒళ్ళు మీ ఇష్టం. కావాలంటే నెలనెలా నేనే అపాయింట్‌మెంట్ తీసుకుంటా. కానీ ఒక చిన్న ప్రశ్నకే నిజం చెప్పలేకపోయారు. రేపు మీ ఇంట్లోవాళ్ళు నన్ను ఏదన్నా అంటే, అప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారా? నాకు అదే భయం. ఆలోచించుకోవాలి."

ఆలోచించుకోవడానికి ఆట్టే టైము దొరకలేదు. మగవాళ్ళు ముందు గదిలో గారెల దగ్గర చేరితే, రామాంజనేయులు తల్లి హనుమాయమ్మ వరండాలోకి వచ్చింది. కొడుకు చేతుల మీద పెరుగు చూసి "అయ్యో నాయనా" అంది. తర్వాత తేజశ్రీ చేతులు చూసి గొంతు సవరించుకుంది.

"అమ్మాయ్, నువ్వు బంగారం. అందులో అనుమానం లేదు. ఒక్కటే మాట..."

"అమ్మా, ఆ మాట అడగొద్దు" అన్నాడు రామాంజనేయులు.

"నేనింకా ఏమీ అడగలేదుగా!"

"ఏం అడుగుతావో ఫోటో చూసి దార్లో కార్లోనే అన్నావుగా, పెళ్ళిలోపు పార్లర్‌కి పంపిద్దామని. ఆ మాట ఈ ఇంట్లో అడగొద్దు. మనింట్లో కూడా అడగొద్దు. అడిగితే నేను ఊరుకోను." అక్కడితో ఆపలేదు. "నిన్న నేనే చేయించుకున్నానమ్మా. ఈ మంట అందుకే."

"మగాడివి, నీకేం ఖర్మరా?"

"నాకూ సిగ్గే. చిన్నప్పట్నుంచీ. నీకు చెప్పలేదు."

హనుమాయమ్మ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. వాన సన్నబడింది. ఆమె కొడుకు చేతుల్ని చూసింది, అమ్మాయి చేతుల్ని చూసింది.

"నేను అనేది శుభ్రం గురించి అమ్మా" అంది చివరకు, ఆ మాటకు తనకే బలం చాలనట్టు. "చిన్నప్పుడు మీ అమ్మ సున్నిపిండి నలుగు పెట్టలేదా?"

"ఎందుకు పెట్టలేదండీ! చర్మం ఊడొచ్చింది గానీ వెంట్రుక ఊడలేదు. రెండు పూటలా స్నానం చేస్తానండీ. మురికికీ వెంట్రుకకీ చుట్టరికం లేదు."

హనుమాయమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీకు సిగ్గనిపించదా తల్లీ? నలుగురిలోకి వెళ్తే?"

"ఇంటర్‌లో రోజూ ఏడ్చేదాన్నండీ. ఏడ్చి ఏడ్చి విసుగొచ్చింది."

"నాకు విసుగే రాలేదు చూడు" అంది హనుమాయమ్మ. గొంతు తగ్గించింది. "గడ్డం కింద వస్తాయమ్మా నాకు. పెళ్ళికి ముందు నుంచీ. అందరూ లేవకముందే స్నానాల గదిలో తలుపేసుకుని పీక్కోవడం. ఆయనకి ఇవాళ్టికీ తెలీదు. అత్తగారు పోయిన రోజు కూడా ముందు ఆ పని చూసుకునే బయటికొచ్చాను. అంత భయం. నా కడుపున పుట్టినవాడికీ ఆ భయమే వచ్చినట్టుంది." కొడుకు వైపు చూసి, మళ్ళీ తేజశ్రీ వైపు తిరిగింది. "నిన్ను చూస్తుంటే ఆశ్చర్యంగా ఉంది తల్లీ. అయితే ఈ వయసులో నీలా ఉండమంటే నావల్ల కాదు. నాకు అవి ఉండకూడదు, అంతే."

"మీ ఇష్టమండీ. అందులో తప్పేముంది?"

"తప్పు కాదు గానీ, ఈ మధ్య నాకు చూపు ఆనడం లేదు. ఒకటి వేలికి తగులుతోంది, అద్దంలో కనపడి చావడం లేదు. పొద్దున్నుంచీ అదే బెంగ. ఇంకొకళ్ళని అడగలేను."

చెంగు ముడిలోంచి చిన్న పట్టకారు తీసి చూపించింది. పాతికేళ్ళకు పైగా ఎవరికీ చూపించని వస్తువు.

తేజశ్రీ మిరప ఘాటు పోయేలా చేతులకు నూనె రాసి, సబ్బుతో రుద్ది కడుక్కుని వచ్చింది. హనుమాయమ్మను లోపలి గదిలోకి తీసుకెళ్ళి గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. వాన వెలిసి, తలుపులోంచి తెల్లటి వెలుతురు లోపలికి వస్తోంది. గడ్డం పట్టుకుని మెల్లగా పైకెత్తింది. తన ఒంటి మీద ఒక్క వెంట్రుకను ఎవరి కోసమూ వదులుకోని ఆ అమ్మాయి, పెద్దావిడ గడ్డం మీది ఒక్క వెంట్రుక కోసం ఊపిరి బిగబట్టి వంగింది.

రామాంజనేయులు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. లోపలికి అడుగు పెట్టడానికి అతనికి ధైర్యం చాలలేదు. అలాంటి దృశ్యం ముందు ఎవరికైనా చాలదు.

"నొప్పి పుడితే చెప్పండి అత్తయ్యా" అంది తేజశ్రీ.

హనుమాయమ్మ కళ్ళు తెరిచింది. ఇందాకటి దాకా 'అండీ' అన్న మనిషి 'అత్తయ్యా' అనడం రామాంజనేయులు కూడా విన్నాడు. తాను విన్నది నిజమేనా అని అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

తేజశ్రీ తల తిప్పలేదు. పట్టకారు కదలనివ్వకుండా, గొంతు మాత్రం కొంచెం పెంచింది.

"ఏవండీ, గుమ్మానికి అడ్డం తప్పుకోండి. అత్తయ్యకి వెలుతురు చాలడం లేదు."