ఆదివారం నెట్ రాలేదు

జూన్ పదకొండు. ఆ మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో అతను తిన్నది చల్లారిన టమాటా సూపు, అంచు మాడిన బ్రెడ్డు. ఆ రుచి ఇంకా గుర్తుందంటే గొప్పతనం సూపుది కాదు. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్న టెస్టింగ్ అమ్మాయిది.

"డ్రైవర్లు రాసేది మీరేనా?"

"నేనే."

"మీ డ్రైవరుకి మతిమరుపండీ! మెషీన్ ఆన్ చేసినప్పుడల్లా కొత్త అడ్రస్ చెప్తోంది. నెట్‌వర్క్ దాన్ని పోల్చుకోలేక చస్తోంది."

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నటించే వర్చువల్ మెషీన్లకి నెట్‌వర్క్ డ్రైవర్లు, అంటే వాటిని నెట్‌తో కలిపే ప్రోగ్రాములు, రాయడం అతని పని.

"మెషీన్లోని నెట్ కార్డు తన అడ్రస్ బదులు అన్నీ సున్నాలిస్తోంది. డ్రైవరు ఏదో ఒకటి పెట్టుకుంటోంది. నా తప్పేముంది?"

"పేరు పెట్టని పిల్లాడైనా రోజుకో పేరు చెప్పడు కదా!"

అతనికి పొలమారింది. ఆమె మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపింది. తిట్టడం మాత్రం ఆపలేదు.

మెషీనే తనకో అడ్రస్ పెట్టుకుని, ప్రతిసారీ అదే చెప్పేలా డ్రైవరు మార్చాడు. ఆ తర్వాత రోజూ ఇద్దరిదీ ఒకే టేబుల్. ఆమె నుంచి ఒక్క మాట వస్తే చాలు, మనసులో ఉన్నది చెప్పేద్దామని అతను కాచుక్కూర్చున్నాడు.

ఒక వానసాయంత్రం, ఒకే గొడుగు కింద సగం సగం తడుస్తూ, ఆమె అంది:

"మా ఇంట్లో నెట్ రావట్లేదు. ఆదివారం ఓసారి వచ్చి చూస్తారా? నాన్న కూడా ఉంటారు."

"దానికి అంత దూరం రావడమెందుకండీ! ఏం చెయ్యాలో రాసి పంపిస్తా."

పంపించాడు. ఏ తీగ పీకాలో, ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో, పేజీ నిండా.

"వచ్చిందా?" అన్నాడు సోమవారం హుషారుగా.

"వచ్చింది. థాంక్స్." ఆమె తలెత్తలేదు. నెల తిరక్కుండా ఊరి అవతలి ఆఫీసుకి మారిపోయింది. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిందే అని అతను మూడేళ్ళు బాధపడ్డాడు.

ఈ శనివారం ఆమె ఫోన్ చేసింది. అదే గొంతు.

"మీ డ్రైవరు మీద కంప్లైంటు. మా ఆఫీసు కొత్త సిస్టమ్ మీద మెషీన్ పంపినవన్నీ వెళ్తున్నాయి, జవాబులే అందట్లేదు. సొంత అడ్రస్ పెట్టుకున్నాక మీ డ్రైవరు ఆ సంగతి మెషీన్ని నడిపే సిస్టమ్‌కి చెప్పట్లేదు. ఈ అడ్రస్‌తో ఇక్కడెవరూ లేరని, అది జవాబుల్ని గుమ్మంలోనే పారేస్తోంది."

"అయ్యో! పంపడం వరకే చూసుకున్నాను. జవాబు వచ్చిందో లేదో చూళ్ళేదు."

"మీకది అలవాటేగా."

"అంటే?"



"ఆ ఆదివారం మా ఇంట్లో నెట్ బాగానే ఉందండీ."

అతను ఆమె ఇంటి అడ్రస్ అడిగి రాసుకున్నాడు.

డ్రైవరు సరిచేసి, చీకటి పడేలోగా ఆమె ఇంటికి చేరాడు. తలుపు తీసింది ఆమే. ఆమె వెనక గోడ మీద దండ వేసిన ఫొటోలో ఒక పెద్దాయన నవ్వుతున్నాడు.

"నాన్న. పోయినేడే..." అంది. "మీరు రానన్నారని చెప్పినా వినకుండా, ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని సాయంత్రం దాకా మీకోసం ఎదురుచూశారు. మీరు రాలేదని, మీరు రాసినవన్నీ వరసగా చేశారు. శుభ్రంగా పనిచేస్తున్నది కాస్తా ఆగిపోయింది!"

నవ్వబోయి మానుకున్నాడు.

"కోప్పడ్డారా?"

"లేదు. 'ఓపికున్న కుర్రాడేనే, ఎంత వివరంగా రాశాడో' అన్నారు."

ఆ ఆదివారమే వచ్చి ఉంటే, ఆయన గొంతు ఒక్కసారైనా వినేవాడు. అతను ఫొటో వంక చాలాసేపు చూశాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది, అడక్కుండానే.

వెళ్ళొస్తానని లేస్తుంటే అడిగింది: "డ్రైవరు బాగుపడిందా?"

"బాగుపడింది. ఇక జవాబులన్నీ లోపలికే వస్తాయి."

"అయితే వినండి. రేపు ఆదివారం. మా ఇంట్లో నెట్ రాదు."

"పొద్దున్నే వచ్చేస్తా."

మెట్లు దిగుతున్నంతసేపూ పైనుంచి తలుపు చప్పుడు వినపడలేదు. అతను వీధిలోకి వచ్చి తలెత్తి చూశాకే, మెల్లగా, గడియ పడింది.