భీమిలి చేపబిళ్లలు

జడ్జిగారు బిళ్లను అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూశారు. కోర్టు హాలంతా ఆయన చేతినే చూస్తోంది. పది లెక్కపెట్టేలోపు ఆయన కనుబొమలు పైకి లేచాయి. గుప్పిట విప్పితే, అంతవరకు నున్నగా ఉన్న బిళ్ల మీద చేప బొమ్మ ఉబ్బి కనిపించింది.

"చల్లబడితే మళ్లీ నున్నగా అయిపోతుందండీ," అంది బోనులో నిలబడ్డ లోహ శాస్త్రవేత్త డాక్టర్ నిష్ఠల వైదేహి. "దీన్ని షేప్ మెమరీ అల్లాయ్ అంటాం. ఒంటి వేడి తగిలితే ఈ లోహానికి తన పాత ఆకారం గుర్తొస్తుంది. చూపు లేనివాళ్లు కూడా తడిమి అసలుదో నకిలీదో చెప్పేయొచ్చు."

దేశంలో నోట్లు, నాణేలు రద్దయి అప్పటికి పన్నెండేళ్లు. చెల్లింపులన్నీ ఫోన్లలోనే. తుపాను సెల్ టవర్లను కూల్చేసరికి భీమిలి చేపల బజారు ఆగిపోయింది. బుట్టల్లో చేపలు కుళ్లిపోతుంటే చూడలేక వైదేహి తన ల్యాబ్‌లో నాలుగు వందల బిళ్లలు పోతపోసి చేపలమ్మేవాళ్లకి పంచింది. బిళ్ల ఇస్తే కిలో చేప. బియ్యం కొట్టువాడూ, మందుల షాపువాడూ కూడా తీసుకున్నారు. నెల తిరిగేసరికి టవర్లు లేచాయి. వాటి వెనకే ఇన్‌స్పెక్టర్ సింహాద్రి దొంగనాణేల కేసుతో వచ్చాడు. రుజువైతే వైదేహికి జైలే.

"ఇది ప్రభుత్వ నాణెంలా ఉందా?" సాక్షిగా వచ్చిన చేపల వ్యాపారి మైలపల్లి పోలమ్మను అడిగారు జడ్జిగారు.

"నేదు బాబూ. రూపాయి మీద సింహాలుండేవి. దీన్ని డబ్బని ఎవులూ అనుకోనేదు. కిలో చేపిస్తానన్న నా మాటకి గుర్తు, అంతే."

"ప్రభుత్వ నాణెమని నమ్మించి మోసగించాలని చూస్తేనే దొంగనాణెం," అన్నారు జడ్జిగారు. "కేసు కొట్టేస్తున్నాను. ఎక్కడా దీన్ని డబ్బు అని మాత్రం అనకండి."

ఫోన్లు పనిచేస్తున్నా బజారు బిళ్లల్ని వదల్లేదు. రెండు నెలల తర్వాత పోలమ్మ బుట్టలో వైదేహికి కొన్ని రేకుబిళ్లలు కనిపించాయి. మేకుతో గీసిన చేప బొమ్మలు. ఎంతసేపు పట్టుకున్నా ఏదీ ఉబ్బలేదు. ఒకటి తీసుకుని పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తింది.

సింహాద్రి కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

"కేసు ఏమని రాయమంటారు డాక్టర్‌గారూ? దొంగడబ్బు అందామంటే, అసలు ఇది డబ్బే కాదని గెలిచింది మీరే కదా!"

పోలమ్మనైనా హెచ్చరిద్దామని వైదేహి బజారుకు వచ్చింది. ఆవిడ చేప పొలుసు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"తెలుసమ్మా. పక్కపేటలో చేపలమ్మే ఆడోళ్లు ఆళ్ల మాటకి గుర్తుగా చేసుకున్నారు. మీ లోహం ఆళ్లకేదీ? మొన్న ఏడు బిళ్లలు అట్టుకెళ్తే ఏడు కిలోలూ తూచి ఇచ్చారు. చేపలు మంచియే."

ఆ లోహం మీద తొమ్మిదేళ్ల పరిశోధన! వైదేహి ఆ రేకుముక్కను గుప్పిట్లో బిగిస్తే అంచు అరచేతికి గుచ్చుకుంది. తర్వాత నవ్వేసింది.

"ఆ పేటకి దారెటు పోలమ్మా? ఈ అంచులు చేతులు కోస్తాయి. నున్నగా నూరడం నేర్పిస్తాను."