జేబులో ప్లగ్గు

పొయ్యిమీద కాఫీ పొంగుతోంది. పుంగనూరులో ఆ ఇంటి ముందు ప్రేమానందం తన సైడుకారు మోటారుసైకిలు పక్కన చతికిలబడ్డాడు. యుద్ధం ముగిసి ఏడాదైనా పెట్రోలు ఇంకా కూపన్లకే. కూడబెట్టిందంతా నిన్ననే టాంకులో పోశాడు.

మరునాడు మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి రజతోత్సవం. పాతికేళ్ళుగా ఆసుపత్రికి పనిచేసిన బండ్లన్నీ ఊరేగింపులో తిరగాలి. కలరా రోగుల్ని మోసిన, ఆసుపత్రి దొర సీమకు పోతూ డ్రైవరు ప్రేమానందానికి ఇచ్చిపోయిన ఈ బండికీ పిలుపొచ్చింది. అతని జీవితంలో అలాంటి పిలుపు అదొక్కటే.

“ఇంజన్లో ప్లగ్గు లేదే. అది లేకుంటే బండి కదలదు,” అన్నాడు.

“ఎలకలు ఎత్తుకపోయినాయేమో. ఆ ఇనుప పీనుగను పూడ్సిపెట్టు నాయనా,” అన్నాడు కొడుకు విల్సన్. ప్లగ్గు అతని జేబులోనే ఉంది.

విల్సన్ కుప్పంలో మిషన్ బడి టీచరు. హెడ్మాస్టరు సత్యానందం తన కూతురు దయామణిని ఇస్తానన్నాడు. రేపటి ఊరేగింపుకు ఆయనే పెద్ద. తండ్రి ఆసుపత్రి గుమాస్తా అని విల్సన్ ఆయనతో చెప్పాడు. చిన్నప్పుడు బళ్ళో తనను ‘కలరా బండోడి కొడుకు’ అని పిలిచేవారని చెప్పలేదు.

అన్నమ్మ కాఫీ లోటా మొగుడి ముందు ఠక్కున పెట్టింది. “పెళ్ళయినకాణ్ణించి నా తలకంటే దానికే ఎక్కువ నూనె పూసినావు. ఇంకనన్నా వదులు.”

ప్రేమానందం కొడుకు తెల్ల ప్యాంటు వంక ఒకసారి చూసి తలదించుకున్నాడు. “ఎట్లనో ఒగట్ల వస్తాలే అబ్బోడా.”

“నువ్వు రాలేదని ఆడ ఎవురూ ఏడ్సరు,” అని విల్సన్ బొగ్గు గ్యాసుతో నడిచే మదనపల్లె బస్సెక్కాడు. ప్లగ్గును దారిలో పారేద్దామనుకున్నాడు. చెయ్యి రాలేదు.

మరునాడు ఆసుపత్రి మైదానంలో తుడిచి నిలబెట్టిన కార్ల నడుమకు ఒక ఎద్దులబండి వచ్చింది. దానిమీద మోటారుసైకిలు. సైడుకారులో గొడుగు పట్టుకుని, ఆదివారం చీరలో అన్నమ్మ. జనం పగలబడి నవ్వారు.

“మోటారుకు ఎద్దులు కట్టినోణ్ణి ఇప్పుడే సూస్తాండా,” అన్నాడు సత్యానందం. “చెత్తకు ఈడ చోటు లేదు. విల్సన్, మీ పుంగనూరోడేనంట. ఎవురీ మనిషి?”

విల్సన్ జేబులో చెయ్యి పెట్టి ప్లగ్గును గుప్పిట బిగించాడు. తల్లి గొడుగు పక్కకు తీసి చూసింది.

ప్రేమానందమే చేతులు కట్టుకున్నాడు. “ఆయప్పకు నేనెట్ల తెలుస్తాను సార్? రోగుల్ని మోసే డ్రైవర్ని. ఆయనెవురో, నేనెవురో.” బండివాడి వైపు తిరిగాడు. “ఎద్దుల్ని మళ్ళించప్పా, పోదాం.”

బండి సగం తిరిగింది.

“ఆగు నాయనా.”

ఆ మాట మైదానమంతా విన్నది. విల్సన్ బండెక్కి జేబులోంచి ప్లగ్గు తీశాడు. అడగకముందే తండ్రి స్పానరు అందించాడు. పలకలమీదుగా మోటారుసైకిలును దించారు. మూడో తన్నుకు ఇంజను దగ్గి, నల్లటి పొగ సత్యానందం ముఖాన కొట్టింది.

“మీ నాయన గుమాస్తా అంటివే,” అన్నాడాయన ముక్కు మూసుకుని.

“కలరా బండి డ్రైవరు సార్. దయామణికి నేనే చెప్తాను,” అని విల్సన్ తండ్రి వెనక ఎక్కాడు.

ఊరేగింపు అయ్యాక ప్రేమానందం చెమట తుడుచుకోవడానికి చొక్కా జేబులోంచి గుడ్డ లాగాడు. దానితోపాటు కొత్త ప్లగ్గు ఒకటి నేలమీద పడింది.

“ఇది యాడిది నాయనా?”

“పెట్లో ఎప్పుడూ ఒగటి దాపెట్టుకునుంటా.”

“మరి యాల పెట్టలేదు? ఎద్దులబండిమీద అంత నగుబాటు యాల?”

ప్రేమానందం ఇంజను మీద చెయ్యి వేశాడు. “నీ ప్యాంటు జేబుకు మసి సూసినా. తీసినోడే పెడతాడేమోనని వచ్చినా.”

విల్సన్ వంగి కిందపడ్డ ప్లగ్గు తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

“తండ్రీకొడుకులు సెరొకటి జేబులో పెట్టుకుని, నన్ను ఎద్దులబండెక్కించినారు. మీ మొకాలకు తోడు నేనొకదాన్ని,” అంటూ అన్నమ్మ కొడుకు జేబు మీది మసి తుడవడానికి కొంగు తీసింది. ముందు అతని కళ్ళు తుడవాల్సి వచ్చింది.